చీటీలో రాయని జబ్బు

డిసెంబరు మొదటి శనివారం శ్యాంబాబు మాస్టారు పెట్టుకున్న పనులు రెండే. పొద్దున విజిలుకి కొత్త తాడు కట్టుకోవడం, సాయంత్రం చర్చి మీద నక్షత్రం ఎక్కించడం.

ఎక్కించడం అంటే ఆయన ఎక్కడు. కోడూరు అవతల ఒక చిన్న ఊరి మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారాయన. ఇరవై రెండేళ్ళుగా క్రిస్మస్ నక్షత్రం ఆయన ఆధ్వర్యంలోనే చర్చి టవరు చేరుతోంది. ఆయన కింద నిలబడి విజిలు ఊదుతాడు. ఒకసారి ఊదితే తాడు లాగాలి, రెండుసార్లు ఊదితే ఆపాలి. పైకెక్కేది యూత్ వాళ్ళు. మాస్టారి ఒక కాలు నిచ్చెన మొదటి మెట్టు మీద ఉంటుంది, రెండోది నేల మీద. ఇన్నేళ్ళలో ఆ రెండో కాలు నేలను వదలడం ఎవరూ చూడలేదు. చూడలేదన్న సంగతి కూడా ఎవరికీ తట్టలేదు. ఆ విజిలు మోత అటువంటిది.

పైగా ఆయనకో చరిత్ర ఉంది. తొంభై తుపానులో, పదిహేడేళ్ళ వయసులో, తాటిచెట్టెక్కి ప్రాణం దక్కించుకున్న మనిషి. కథ చెప్పినప్పుడల్లా ఎక్కడంతోనే ఆపేసేవాడు. నీళ్ళు తీశాక కూడా దిగలేక రోజున్నర పైనే కూర్చున్నాడనీ, చివరికి ఒక గీత కార్మికుడు నడుముకి మోకు కట్టి ధాన్యం మూటలా కిందికి దించాడనీ, అప్పటినుంచీ డాబా పిట్టగోడ దగ్గరికి వెళ్తే అరికాళ్ళు చల్లబడతాయనీ ఎవరికీ చెప్పలేదు. భార్య ప్రేమకీ చెప్పలేదు. కూతురు లాస్యకైతే అసలే చెప్పలేదు. ఆ పిల్ల మూడో తరగతి నుంచీ 'మా నాన్న' అన్న వ్యాసాన్ని 'మా నాన్నకు భయం తెలియదు' అనే మొదలుపెట్టేది.

ఆ లాస్యే ఇప్పుడు బందరు హాస్టలు నుంచి పొద్దుటి బస్సులో దిగి, ఉప్మా ప్లేటు పక్కన ఫోను పెట్టింది.

"నాన్నా, ఈ క్రిస్మస్ సెలవుల్లో అడ్వెంచర్ ట్రిప్ వెళ్తున్నాం. మూడున్నాయి, ఒకటి సెలెక్ట్ చెయ్యి."

మొదటిది విశాఖలో సముద్రం అడుగుకి వెళ్ళి చేపల్ని చూసి రావడం. రెండోది మంచులో నడవడం. మూడోది ఉత్తరాదిన ఎక్కడో కొండ అంచు నుంచి, పెద్ద గొడుగులాంటి గుడ్డకి కట్టుకుని గాల్లోకి పరిగెత్తడం. ఆ బొమ్మ చూడగానే మాస్టారి నోట్లో ఉప్మా ఆగిపోయింది.

"చేపలు బాగున్నాయమ్మా," అన్నాడు.

"అది చిన్నపిల్లలు కూడా చేస్తారు నాన్నా. నువ్వు తుపానులో తాటిచెట్టెక్కిన మనిషివి. నీ రేంజ్ మూడోది."

మాస్టారు వంటింటి వైపు చూశాడు. తిరునాళ్ళలో జెయింట్ వీల్ దగ్గర కళ్ళు మూసుకుని నడిచే మనిషి ప్రేమ. ఆవిడ ఎలాగూ ఒప్పుకోదు. ఆ ధీమాతో ఛాతీ విరిచి, "నాకేం, మూడోదే. మీ అమ్మ ఒప్పుకోవాలిగా!" అన్నాడు.

ప్రేమ గరిట పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఈ మనిషి ఇది కావాలని ఒక్కటి అడిగిన పాపాన పోలేదు. ఆవిడ గుండె దడదడలాడింది గానీ, నోరు మాత్రం, "మీకంత ముచ్చటగా ఉంటే వెళ్దామండీ," అంది.

ఆ సాయంత్రం నక్షత్రం ఎక్కేటప్పుడు మాస్టారు ఆపాల్సిన చోట లాగమనీ, లాగాల్సిన చోట ఆపమనీ విజిలు ఊదాడు. నక్షత్రం అరగంట గాల్లో ఊగింది. దాన్ని చూస్తుంటే ఆయనకి తనే కనిపించాడు.

సోమవారం బందరులో సుహైల్ అనే కుర్రాడి ట్రావెల్స్ ఆఫీసుకి వెళ్ళారు. అతను టీ తెప్పించి, ఒక ఫారం ముందుకి తోశాడు. బ్లడ్ గ్రూపు రాయాలి. ఏదైనా జరిగితే ఎవరికి ఫోను చెయ్యాలో రాయాలి. జరిగినదానికి ఎవరినీ బాధ్యుల్ని చెయ్యనని సంతకం పెట్టాలి.

"ఊరికే ఫార్మాలిటీ అండీ మాస్టారూ. ఇప్పటిదాకా ఒక్కరు కూడా తిరిగొచ్చి కంప్లయింట్ చెయ్యలేదు."

ఆ మాటలో ధైర్యం ఎక్కడుందో మాస్టారికి దొరకలేదు. కూతురు ఫోనులో వీడియో తీస్తోంది కాబట్టి నవ్వుతూ సంతకం పెట్టాడు. తారీకు ఇరవై ఏడు. ప్రేమ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, చీర కొంగుతో మెడ తుడుచుకుంది.

ఆ ఆదివారం ఆవిడ చర్చి గుమ్మం దగ్గరున్న ప్రార్థన మనవుల పెట్టెలో చీటీ వేసింది. సరదాకి గాల్లో ఎగరడానికి దేవుడి కాపుదల అడిగితే బాగుండదనిపించి, అసలు సంగతి రాయలేదు. పాస్టరు రత్నరాజు గారు దాన్ని మైకులో చదివారు: "ఇరవై ఏడో తారీకున నా భర్త ప్రాణానికి ప్రమాదమైన దానికి వెళ్తున్నారు. కాగితాల మీద సంతకం కూడా పెట్టేశారు. క్షేమంగా తిరిగి రావాలని ప్రార్థించండి. ఇట్లు, ఒక సహోదరి."

పేరు లేకపోయినా ఆ చేతిరాత సండే స్కూలు హాజరుపట్టీ రాసే ప్రేమదేనని పాస్టరుగారికి తెలుసు. చదువుతూ చదువుతూ మాస్టారి వైపు చూశారు. సంఘమంతా చూసింది. తారీకు ఇచ్చి, కాగితాల మీద సంతకం తీసుకునేది ఎక్కడో ఆ సంఘంలో అందరికీ తెలుసు. ఆస్పత్రిలో, ఆపరేషనుకి ముందు.

ఏం జబ్బని మాత్రం ఎవరూ అడగలేదు. అడగకూడదు. మూడేళ్ళ క్రితం సంఘ పెద్ద దేవసహాయం గారి మొలల ఆపరేషను చీటీని పాస్టరుగారు ఇలాగే మైకులో చదివారు. ఆ మైకు కోడూరు రోడ్డు దాకా వినిపిస్తుంది. ఆర్నెల్ల పాటు బస్సు కండక్టరు కూడా దేవసహాయం గారిని "నిలబడే వస్తారాండీ?" అని అడిగేవాడు. అప్పటినుంచీ సంఘంలో నియమం పెట్టారు. చీటీలో రాయని జబ్బు గురించి ఎవరూ అడగరాదు, ప్రార్థన చెయ్యాలి, చేతనైతే ఒక రొట్టె పట్టుకెళ్ళి పలకరించాలి.

ఇంటికి వస్తూ మాస్టారు ఆశగా అడిగాడు. "నీకంత భయంగా ఉంటే మానేద్దాం ప్రేమా."

"అబ్బే, ప్రార్థనలో పెట్టాక ఇంకెక్కడి భయమండీ!"

ఆ తలుపూ మూసుకుపోయింది.

పలకరింపులు సోమవారం మొదలయ్యాయి. ముందుగా దేవసహాయం గారు రొట్టె, అరడజను బత్తాయిలతో వచ్చారు.

"వందనాలు మాస్టారూ. ధైర్యంగా ఉన్నారా?"

"ఉన్నానండీ," అన్నాడు మాస్టారు, సంఘమంతా తన ప్రయాణం గురించే బాధపడుతోందనుకుని.

"ఏ ఊళ్ళో?"

"ఉత్తరాదినండీ."

"అంత దూరమా! బందరులో లేదా?"

"బందరులో ఎక్కడండీ! గుడివాడలోనూ లేదు."

దేవసహాయం గారి మొహం పాలిపోయింది. "ఎంతసేపంట?"

"పావుగంటేనంట. వెనకాల ఒక కుర్రాడుంటాడంట, వాడే చూసుకుంటాడు. నేను కళ్ళు మూసుకుని పడుండడమే."

"పావుగంటలోనా! కుర్రాడా!" దేవసహాయం గారు ఇంకేదో అడగబోయి, నియమం గుర్తొచ్చి, మాస్టారి చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "మొన్న సంఘం పాలక కమిటీలో మీ మీద ఒక మాటన్నాను. వెనక్కి తీసుకుంటున్నాను, మనసులో పెట్టుకోకండి."

ఆ వారంలో రొట్టెలు పద్నాలుగయ్యాయి. హార్లిక్స్ సీసాలు బల్ల మీద పట్టక ఫ్రిజ్ ఎక్కాయి. స్కూల్లో హెడ్మాస్టరు ఆయన చేత బడిగంట కూడా కొట్టనివ్వలేదు. పిల్లలు వరుసలో వచ్చి, చెప్పకుండానే నిశ్శబ్దంగా నిలబడ్డారు. ఇరవై రెండేళ్ళలో విజిలుకి కూడా లొంగని తొమ్మిదో తరగతి అది. గొడుగుకి కట్టుకుని ఎగరడమంటే ఊళ్ళో ఇంత భయముందా అని మాస్టారికి వణుకు ఎక్కువైంది. ఇంతమంది ఇంత బాధపడుతున్నారంటే, వీళ్ళకెవరికో ఏదో తెలిసే ఉంటుంది.

ఇరవై ఒకటి నుంచి మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టారు. మాస్టారు వద్దన్నకొద్దీ జనం పెరిగారు. మొదటి వరసలో డెబ్బై ఎనిమిదేళ్ళ ఆనందమ్మ గారు. షుగరు మనిషి. మజ్జిగ తప్ప ఏమీ ముట్టనని పంతం పట్టి కూర్చుంది. సెలవులకి ఇంటికొచ్చిన లాస్య మూడో రోజు చర్చి నిండా జనాన్ని చూసి, "మా నాన్నకి ఎంత ఫాలోయింగో!" అనుకుని ఫోను తీసింది.

ఆ మధ్యాహ్నానికి పాస్టరుగారికి కూడా నీరసం వచ్చింది. నీరసంలో నియమం జారింది.

"ప్రభువా, ఆ డాక్టర్ల చేతులు వణకకుండా చెయ్యి. ఆ కత్తిని నువ్వే నడిపించు..."

మాస్టారు ఒక కన్ను తెరిచాడు. డాక్టర్లా? కత్తా?

రొట్టెలు, బత్తాయిలు, బడిగంట, పాలక కమిటీ, అన్నీ వరుసగా వచ్చి ఎదుట నిలబడ్డాయి. అంతలో పాస్టరుగారు ఆయన తల మీద చెయ్యి వేసి అడిగారు. "మాస్టారూ, స్వస్థత కలిగిందని మీకు నమ్మకం ఉంటే ఇప్పుడే సాక్ష్యం చెప్పండి. ఆ ప్రయాణం మానేద్దాం."

తలుపు బార్లా తెరుచుకుంది. ఒక్క మాట చాలు. ప్రయాణం తప్పుతుంది, పరువు నిలుస్తుంది, పై ఏటి నుంచి నక్షత్రం దగ్గర కుర్చీ కూడా వేస్తారు. మాస్టారు లేచాడు. ఎదురుగా ఆనందమ్మ గారు. పెదాలు ఎండిపోయాయి, కళ్ళు మాత్రం ఆయన మీదే ఉన్నాయి. ఆ మనిషి ముందు ఆ మాట అనబుద్ధి కాలేదు.

"నాకు ఏ జబ్బూ లేదండీ," అన్నాడు.

"స్తోత్రం!" చర్చి దద్దరిల్లింది. డప్పు మోగింది. వెనక వరస వాళ్ళు అప్పుడే పాట ఎత్తుకున్నారు. మాస్టారు చేతులూపాడు. ఆపమన్నాడు. ఎవరు వింటారు? చివరికి మెడలోని విజిలు తీసి రెండుసార్లు ఊదాడు.

టక్కున ఆగిపోయింది. అక్కడున్నవాళ్ళలో సగంమంది ఆయన దగ్గర డ్రిల్లు చేసినవాళ్ళే.

"ఇప్పుడు తగ్గింది కాదండీ. అసలు లేదు. ఆ తారీకు ఆపరేషనుకి కాదు. కొండ మీంచి గుడ్డ కట్టుకుని ఎగరడానికి. సరదాకి." విజిలు మళ్ళీ మెడలో వేసుకున్నాడు. "ఆ సరదా కూడా నాకు లేదు. నాకు ఎత్తంటే భయం. తాటిచెట్టు ఎక్కింది నిజమేగానీ, దిగలేదు. మోకు కట్టి దించారు."

లాస్య ఫోను కిందికి దిగింది. మాస్టారు కూతురి వైపు చూడలేక నేల చూపులు చూశాడు.

ఆనందమ్మ గారు నోరు విప్పింది. "అయితే నువ్వు చావవు కదరా?"

"చావనండీ."

"హమ్మయ్య! ఎవరన్నా పోయి వీడింట్లో రొట్టెలు పట్రండి. నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

ముందు పాస్టరుగారు నవ్వారు. తరవాత ఎవరు నవ్వలేదో చెప్పడం కష్టం. పద్నాలుగు రొట్టెలూ వచ్చాయి. హార్లిక్స్ బక్కెట్లో కలిపారు. దేవసహాయం గారు మాత్రం గ్లాసు పట్టుకుని, "పాలక కమిటీలో అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానన్నది, మళ్ళీ వెనక్కి తీసుకుంటున్నాను," అన్నారు.

"నాకూ భయమేనండీ," అంది ప్రేమ, రొట్టె తుంచి చేతికిస్తూ. "మీకు ముచ్చటని నోరు మూసుకున్నాను."

"మరి నాకు భయం లేదా? నువ్వు ఎగురుతుంటే నేను కింద వీడియో తీద్దామనుకున్నాను," అంది లాస్య. తండ్రి పక్కన కూర్చుని, భుజానికి భుజం ఆనించింది. "మూడో తరగతి నుంచీ నాచేత అబద్ధం రాయించావు కదా నాన్నా!"

"మార్కులు బాగా వచ్చాయిగా," అన్నాడు మాస్టారు. మూడు వారాలుగా గుండె మీదున్న బరువు దిగిపోయింది. ఆ రొట్టె ఆయనకి కేకు కన్నా రుచిగా ఉంది.

సుహైల్‌కి ఫోను చేస్తే, "మా నాన్న కూడా అంతేనండీ మాస్టారూ," అని కారణం అడక్కుండానే క్యాన్సిల్ చేశాడు. ఇరవై ఏడున ముగ్గురూ నాగాయలంక వెళ్ళి, పడవెక్కి, కృష్ణ సముద్రంలో కలిసేవైపు సాగారు. పడవ ఊగినప్పుడల్లా లాస్య కేకలు పెట్టింది, ప్రేమ కీర్తనలు పాడింది, మాస్టారు నిలబడి గెడ వేశాడు. నీళ్ళంటే ఆయనకేమీ భయం లేదు.

జనవరి రెండున నక్షత్రం దించాలి. యూత్ వాళ్ళు నిచ్చెన వేసి మాస్టారి కోసం చూశారు. ఆయన విజిలు తీసి లాస్య మెడలో వేశాడు. "ఈసారి నేనే," అని చెప్పి, మొదటి మెట్టు మీద కుడికాలు పెట్టాడు. తరవాత, ఊరంతా చూస్తుండగా, ఎడమకాలు కూడా పైకి తీశాడు.

నక్షత్రం పది నిమిషాల్లో కిందికి వచ్చింది. మాస్టారు వచ్చేసరికి భోజనాల వేళ దాటింది.