తెల్లగోడ మీద తెల్లముగ్గు

మనిషి పుట్టిన దగ్గర్నుంచి వెతుకుతున్నది ఒక్కటే, తెలుపు. ఈ సత్యాన్ని శ్వేతగృహ సుందరీకరణ విభాగం వారు కనిపెట్టి, పోగొట్టుకోకుండా ఒక యాప్‌లో పెట్టారు.

యాప్ వచ్చేనాటికి చినగెడ్డపేట ఎర్రగా ఉంది. కళింగపట్నానికి ఈవల, ఇసుకలో ఉన్న చేపలోళ్ల పేట అది. అక్కడి ఆడవాళ్లు గోడకి ఎర్రమట్టి పూసి, దాని మీద బియ్యప్పిండి నీళ్లతో తెల్లముగ్గు పెడతారు. వాళ్ల అత్తలూ అలాగే పెట్టారు. (అత్తల దగ్గర యాప్ లేదు. ఎవరూ ఆమోదించకుండానే బతికేశారు.)

అమ్మడికి తెలుపు మీద ఆశ లేదు. కుళాయి మీద ఉంది. పేటలో నుయ్యి ఉప్పన. తాగే నీళ్లు రోడ్డవతలి ఊరినుంచి మోసి మోసి ఆమె నడుం ఒక పక్కకి వాలిపోయింది. విభాగం వారు గడపకో కుళాయి ఇస్తామన్నారు. తెల్లని ఇంటికే ఇస్తామన్నారు. ఎర్రగోడ పక్కన కుళాయి ఫొటోలో నప్పదట.

శ్వేత నిర్ధారణాధికారి ఉమాశంకర్ తెల్లచొక్కా వేసుకుని పేటలోకి దిగాడు. చొక్కా కూడా నిబంధనే.

"ఏటి బాబూ, సున్నం కొట్టేస్తే సాలా?" అని అడిగింది అమ్మడు.

"సాలదమ్మా. గోడ మీద సాంప్రదాయ అలంకరణ ఉండాల. రెండో నిబంధన."

"అలంకరణంటే?"

"ముగ్గు."

"ఓస్, అదా! అది మాకు పుట్టుకతో వచ్చినాది."

"తెల్లముగ్గే సుమీ. రంగు పడితే ఇల్లు జాబితాలోంచి తీసేస్తారు."

అమ్మడి మొగుడు ధనరాజు వేటకి పోకుండా కూర్చుని గోడకి సున్నం కొట్టాడు. పాలపిట్ట కూడా కళ్లు మూసుకుని ఎగిరేంత తెల్లగా కొట్టాడు. దాని మీద అమ్మడు పద్మం వేసింది, తీగ వేసింది, తీగ చివర చేపని వేసింది. వెనక్కి జరిగి చూసుకుంది. గోడ ఒక్కటే కనబడింది.

ఉమాశంకర్ ఫోను ఎత్తి పట్టాడు. యాప్ కాసేపు తిరిగి, "అలంకరణ లేదు" అంది.

"లేకపోడమేటి బాబూ? ఇదిగో పద్మం!"

ఉమాశంకర్ న్యాయమైన మనిషి. వంగి గోడని తడిమాడు. "ఉన్నాదమ్మా. సేతికి తగుల్తన్నాది."

"అయితే తగిలినాదని రాసీ."

"రాయొచ్చు. యాప్‌కి సెయ్యి లేదు కదమ్మా."

పక్కింటి రాణి ఇదంతా చూసి, "ఒసే అమ్మడూ, నీ ముగ్గు దొంగలెత్తుకుపోనారేటే?" అని ఒక ఈల వేసి పోయింది.

ఉమాశంకర్ సమస్యని పైకి పంపాడు. పైనుంచి సమాధానం వచ్చింది: 'అలంకరణ కనబడనిచో గోడ తెలుపును తగ్గించుకొనవచ్చును. గోడ తెలుపు తగ్గినచో ఇల్లు అర్హత కోల్పోవును.' (విభాగం ఎవరినీ అయోమయంలో ఉంచదు. రెండు దారులూ చూపించి రెండూ మూస్తుంది.)

ఈలోగా సముద్రపు గాలి తన పని తాను చేసుకుంది. ఉప్పు పట్టి గోడ బూడిదరంగుకి తిరిగింది. పద్మం పైకి తేలింది, తీగ తేలింది. అమ్మడు పరుగున పోయి ఉమాశంకర్‌ని తెచ్చింది. యాప్ ముగ్గుని మెచ్చుకుంది. గోడని కొట్టేసింది.

ధనరాజు మళ్లీ సున్నం కొట్టాడు. అమ్మడు మళ్లీ ముగ్గు వేసింది. మళ్లీ ఎవరికీ కనబడలేదు.

"ఒసే, బియ్యవంతా గోడకే పెట్టేస్తన్నావు. మరి నాకేటి పెడతావే?"

"కుళాయొచ్చాక గంజి పెడతాను, ఊరుకో మావా."

అన్నది గాని, ఆ మాటకి ఆమెకే నమ్మకం పోయింది. ఆఖరి తేదీ దగ్గర పడింది. అది దాటితే పేట మొత్తాన్ని 'రంగు తెలియని ప్రాంతం' కింద రాసేస్తారు. అలా రాసిన చోటికి గొట్టం రాదు.

ఆఖరి రోజున వలకి సావళ్లు పడ్డాయి. రిబ్బను ముక్కల్లా పొడుగ్గా, వెండిలా తళతళలాడే చేపలు. వచ్చిన చేప ఆగదు, ఎండబెట్టాలి. అమ్మడు గోడ పొడుగునా తాడు కట్టి వాటిని వరసగా వేలాడదీసింది. పని కాకుండానే ఉమాశంకర్ వచ్చేశాడు.

"ఉండు బాబూ, సేపలు తీసేస్తాను."

"టైము లేదమ్మా. సర్వరు మూసేస్తారు. పక్కకి జరుగు."

ఫొటో తీశాడు. యాప్ ఎన్నడూ లేనంత త్వరగా తేల్చింది: 'శ్వేత తోరణం. అలంకరణ అత్యుత్తమం.'

"అవి సావళ్లు బాబూ!"

"నువ్వు మాటాడకమ్మా," అన్నాడు ఉమాశంకర్ గొంతు తగ్గించి. "ఆమోదం అయిపోనాది. ఇప్పుడవి సేపలు కావు."

వారం తిరక్కుండా అమ్మడి తోరణం నమూనాగా ప్రకటించబడింది. ఆమదాలవలస పక్క వరి రైతులు కూడా సావళ్లు కొనుక్కుపోయి గోడలకి కట్టారు. కంపు గురించి ఫిర్యాదులు వచ్చాయి. వాసనకి రంగు లేనందున అవి విభాగం పరిధిలోకి రావని తేలింది. పిల్లులకి మాత్రం హెచ్చరిక జారీ అయ్యింది.

కుళాయి వచ్చింది. తెల్లటి కుళాయి. ఉమాశంకర్ కొబ్బరికాయ కొట్టాడు, అమ్మడు బిందె పెట్టింది, ధనరాజు తిప్పాడు. గాలి బుస్సుమంది.

"నీళ్లేవి బాబూ?"

"వస్తాయమ్మా. పస్తుతం మన పక్క నీళ్లన్నీ ట్యాంకర్లకి ఎల్తన్నాయి."

"ట్యాంకర్లు దేనికి?"

"గోడలు కడగడానికి. కడక్కపోతే తెల్లగుండవు. తెల్లగుండకపోతే కుళాయిలు ఎలాగిస్తారమ్మా?"

మాటల్లోనే ట్యాంకరు వచ్చి ఆగింది. ఇద్దరు మనుషులు గొట్టం పట్టి, తియ్యటి మంచినీళ్లతో గోడని పైనుంచి కిందికి కడిగారు. అమ్మడు పరుగున పోయి, గోడ మీంచి కారుతున్న ధార కింద బిందె పెట్టింది.

"బిందె తియ్యమ్మా," అన్నాడు ఉమాశంకర్, ఎంతో మర్యాదగా. "ఈ నీళ్లు గోడ పేరు మీద శాంక్షనయ్యాయి."