నలభై అడుగుల స్పష్టత

"ప్రపంచంలో ఎవరి దగ్గరా లేని ఆపరేటింగ్ సిస్టమ్ మన దగ్గరుంది!" అని మంత్రిగారు ప్రకటించారు. అందులో అబద్ధం లేదు. నిజంగానే ఎవరి దగ్గరా లేదు. మంత్రిగారి ఆఫీసులోనే ఒకే ఒక్క కంప్యూటర్లో ఉంది.

దాన్ని కంటికి రెప్పలా కాస్తున్నవాడు తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్న టెక్నీషియన్. శుక్రవారం సిస్టమ్‌కు తొలి వార్షికోత్సవం. గోడంత మానిటర్ వచ్చింది. దానిమీద నిరుడు మంత్రిగారు సిస్టమ్‌ను ప్రారంభించిన ఫోటో వేయాలి.

"బొమ్మ నిండు స్పష్టతతో వచ్చిందా, నీ ఉద్యోగం పర్మనెంట్. రాలేదా, ఇంటికే," అన్నారు కార్యదర్శిగారు.

"తొమ్మిదేళ్లుగా వింటున్నాను. ఈసారి కాగితం చేతికొచ్చాకే నాకు చెప్పు," అంది భార్య.

సిస్టమ్ కొత్త మానిటర్‌ను గుర్తుపట్టలేదు. పుట్టినప్పటి చిన్న రిజల్యూషన్ దగ్గరే భీష్మించుకు కూర్చుంది. మంత్రిగారి ముఖం ఇటుకలు పేర్చినట్టు వచ్చింది. వెంటనే కమిటీ వేశారు. కమిటీ మూడు రోజులు కూర్చుంది, నాలుగో రోజు లేచి వెనక్కి నడిచింది. నలభై అడుగుల నుంచి బొమ్మ బ్రహ్మాండంగా ఉంది.

"లోపం మానిటర్‌ది కాదండీ, కుర్చీలది," అని తేల్చింది. కుర్చీలన్నీ వెనక గోడకు చేరాయి.

టెక్నీషియన్ మాత్రం పట్టు వదల్లేదు. అడ్డంగా ఎన్ని చుక్కలు, నిలువుగా ఎన్ని, తెర సెకనుకు ఎన్నిసార్లు మారాలి, ఆ అంకెలన్నీ మానిటర్ పుస్తకంలో చూసి సిస్టమ్ ఫైల్లో స్వయంగా రాశాడు. పదిహేడుసార్లు తెర నల్లబడింది. పద్దెనిమిదోసారి, సభకు గంట ముందు, మంత్రిగారి మీసంలో వెంట్రుకలు విడివిడిగా కనిపించాయి. సంతోషంతో అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

కార్యదర్శిగారు పరుగున వచ్చారు.

"శభాష్! అబ్బ, ఏం కళ! ఆ చూపుడు వేలు చూడు, కీబోర్డు మీద ఎంత దర్జాగా ఉందో!" అంటూ దగ్గరికి వంగారు. "కింద వేలాడుతోందే, ఆ నల్లటిదేంటయ్యా?"

"కీబోర్డు తీగండి."

"దేనికీ తగిలించలేదేం?"

"ఆరోజుకి కంప్యూటర్ ఇంకా రాలేదు కదండీ."

కార్యదర్శిగారు వెనక గోడ దగ్గరి కుర్చీల వంక ఓసారి చూశారు.

"పాత రిజల్యూషన్ మళ్లీ రప్పించగలవా?"

"రెండు నిమిషాలండి."

సభ దివ్యంగా జరిగింది. నలభై అడుగుల అవతల నుంచి చప్పట్లు మోగిపోయాయి. సాయంత్రం టెక్నీషియన్ భార్య చేతిలో కాగితం పెట్టాడు. ఆమె పైకి చదివింది:

"పోస్టు: రిజల్యూషన్ అధికారి, పర్మనెంట్. విధి: సదరు మానిటర్ రిజల్యూషన్‌ను ఎవరునూ పెంచకుండా చూచుట."