కెలమంగలానికి ఫైరింజను

ఆ బుధవారం పొద్దున మునివెంకటప్ప పెట్టుకున్న పని చాలా చిన్నది. ఫ్యాక్టరీకి పోయే దారిలో హోసూరు బస్టాండు దగ్గర ఆగి, కెలమంగలం బస్సు కండక్టరు గంగప్పకు ఒక మాట చెప్పాలి. గంగప్ప ఆ మాటను కెలమంగలంలో ఉన్న శ్రీరామప్పకు చేర్చాలి. శ్రీరామప్ప అంటే మునివెంకటప్ప అక్క మొగుడు. సైకిలు దిగకుండా ఒక కాలు నేలకు ఆనించి చెప్పేస్తే అయిపోయే పని.

మునివెంకటప్ప లారీల ఫ్యాక్టరీలో ఫిట్టరు. పగలంతా పెద్ద లారీలకు బోల్టులు బిగించి, ఇంటికొచ్చి చిన్న లారీలు చేసేవాడు. డాల్డా డబ్బా కత్తిరిస్తే క్యాబిను, అరిగిన హవాయి చెప్పు కోస్తే చక్రాలు, పాత ఎక్స్‌రే ఫిల్ము కడిగితే అద్దాలు. అడుగుకు ఒక అంగుళం లెక్క. అసలు బండిలో ఏది ఎక్కడ ఉంటే చిన్నదాంట్లోనూ అది అక్కడే ఉండాలి. సందు కనిపించినా, తలుపు సరిగ్గా పడకపోయినా మొత్తం ఊడదీసి మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఈ పిచ్చి మీద భార్య పుట్టమ్మకు చెప్పలేనంత కోపం. కందిపప్పు కోసం చెయ్యి పెడితే పప్పు కాగితం పొట్లంలో ఉండేది, డబ్బా టిప్పరు లారీ అయి కిటికీలో నిలబడి ఉండేది. "చుట్టాలొస్తే కూర్చోబెట్టను చోటు లేదు, లారీలకు మాత్రం ఇంట్లో స్టాండు ఉండాది" అని ఆమె అనని రోజు లేదు.

ఈసారి చేసింది ఫైరింజను. కెలమంగలం హైస్కూల్లో ఆదివారం వస్తు ప్రదర్శన పెడుతున్నారు. దాని కమిటీలో శ్రీరామప్ప ఉన్నాడు. బామ్మర్ది చేతిపని అందరి ముందూ పెట్టి ఒక్కసారిగా అందరినీ నోరు తెరిపించాలని, ఊళ్ళో ఎవరికీ చెప్పకుండా ఫైరింజను చేయమని అడిగాడు. మునివెంకటప్ప ఫ్యాక్టరీలో ఉన్న అసలు ఫైరింజను చుట్టూ టేపు పట్టుకుని తిరిగి కొలతలు తీసుకున్నాడు. గొడుగు కమ్మీలతో నిచ్చెన చేశాడు. దోమల మందు కొట్టే పంపు విప్పి లోపల బిగించి, సైకిలు వాల్వు ట్యూబును గొట్టంగా పెట్టాడు. ఎర్ర రంగు మూడు పూతలు వేసి ఆరబెట్టాడు. దాన్ని చూసుకుంటూ నిలబడితే తిండి కూడా గుర్తుకు రాలేదు.

గంగప్పతో ఆయన చెప్పింది ఇదే. "మా బావకు చెప్పప్పా, ఫైరింజను రెడీ అయిపోయింది, ఆదివారం పొద్దున తెస్తా ఉండాను. నిలబెట్టను మంచి చోటు చూసి పెట్టమను. నీళ్ళు కూడా కావల్ల."

గంగప్ప మంచివాడు. ఒప్పుకున్న మాటను మధ్యలో పారేసే మనిషి కాదు. కెలమంగలంలో దిగి శ్రీరామప్ప ఇంటికి పోతే తాళం వేసి ఉంది. పట్టుగూళ్ళు అమ్ముకోవడానికి మొగుడూ పెళ్ళాం రామనగరం పోయారు, అటునుంచి అటే ఎవరి పెళ్ళికో పోయి ఆదివారం గాని రారని పక్కింటివాళ్ళు చెప్పారు. చేతిలో ఉన్న కబురును ఏం చేయాలో తోచక గంగప్ప దాన్ని బస్టాపు దగ్గర చెన్నరాయప్ప టీ కొట్లో దించాడు. శ్రీరామప్ప కనిపిస్తే చెప్పండి, హోసూరు లారీ ఫ్యాక్టరీలో పనిచేసే ఆయన బామ్మర్ది ఆదివారం ఫైరింజను తెస్తున్నాడని.

టీ కొట్లో ఉన్నవాళ్ళంతా గ్లాసులు కింద పెట్టి గంగప్ప చుట్టూ మూగారు. దానికి కారణం ఉంది. పోయిన ఎండాకాలం ఆ ఊళ్ళో పట్టుపురుగులు మేపే కొట్టం అంటుకుంటే హోసూరు నుంచి ఫైరింజను వచ్చేసరికి ఆర్పడానికి బూడిద తప్ప ఏమీ మిగలలేదు. అప్పటినుంచి ఊరివాళ్ళు తమకు సొంతంగా ఒక ఫైరింజను కావాలని అడుగుతూనే ఉన్నారు. బండి తిరగను దారి లేదు, నింపుకోను నీళ్ళ తొట్టి లేదు అని పైనుంచి జవాబు వస్తూనే ఉంది. అట్లాంటి ఊరికి లారీలు తయారయ్యే చోటినుంచే మనిషి ఫైరింజను తెస్తానంటే నమ్మకుండా ఎవరుంటారు? సాయంత్రానికల్లా ఫ్యాక్టరీవాళ్ళు ఊరికి బండి దానం చేస్తున్నారని తేలిపోయింది.

మర్నాడు పొద్దున గంగప్ప హోసూరు బస్టాండులో మునివెంకటప్ప కోసం కాచుకుని ఉన్నాడు.

"అన్నా, ఆడ అందరూ అడగతా ఉండారు. నిచ్చెన ఉండాదా దానికి?"

"మడతల నిచ్చెన. లేపితే లేస్తాది, తిప్పితే తిరగతాది."

"నీళ్ళు నిజంగానే కొడతాదా?"

మునివెంకటప్పకు కొంచెం రోషం వచ్చింది. "కొట్టకపోతే అది ఫైరింజను ఎట్లయితాది గంగప్పా, బొమ్మయితాది."

ఆ రోషంలోనే ఒక జాగ్రత్త కూడా చెప్పి పంపాడు. దారి నున్నగా ఉండాలి, గుంతలుంటే ముందు యాక్సిలు విరిగిపోతుంది, తిప్పుకోవడానికి చుట్టూ చోటు ఉండాలి. ఆయన మనసులో ఉన్నది ప్రదర్శన పెట్టే హైస్కూలు హాలు. దాని నేల గచ్చు అక్కడక్కడా లేచిపోయి ఉందని ఆయనకు తెలుసు. గంగప్ప ఒక్క అక్షరం కూడా మార్చకుండా ఆ మాటలన్నీ టీ కొట్లో అప్పజెప్పాడు. "బొమ్మ కాదు" అన్న మాట మరీ గట్టిగా చెప్పాడు.

ఇంక పంచాయతీ ప్రెసిడెంటు జయరామప్ప రంగంలోకి దిగాడు. ఫైరింజను తన చలవేనని అప్పటికే నలుగురితో అనిపించుకున్నాడు కాబట్టి దారి చూసే బాధ్యత కూడా ఆయన మీదే పడింది. ఎద్దుల బండ్లు పెట్టించి మట్టీ కంకరా తోలించాడు. ఇంటికొక మనిషి పార పట్టుకుని వచ్చాడు. ఏళ్ళ తరబడి పూడని గుంతలు పూడిపోయాయి. సంత మైదానం పక్కన చెత్తతో నిండిపోయిన సిమెంటు తొట్టిని ఆడవాళ్ళు కడిగి నీళ్ళు నింపారు. బండి తిరగడానికి అడ్డమని చెన్నరాయప్ప టీ కొట్టు ముందున్న పందిరిని పీకేశారు. ఊరి కోసమని చెన్నరాయప్ప కూడా ఒక గుంజ పట్టుకుని లాగాడు. చివరగా జయరామప్ప ఫైరు డిపార్టుమెంటు పెద్దాఫీసరును ప్రారంభోత్సవానికి పిలిచి వచ్చాడు.

ఇవేవీ మునివెంకటప్పకు తెలియవు. ఆయనకు తెలిసిందల్లా, తన చేతిపని గురించి కెలమంగలంలో అడగని మనిషి లేడని. శనివారం గంగప్ప ఇంకో ప్రశ్న తెచ్చాడు. తలుపు మీద ఏ ఊరి పేరు రాశావని ప్రెసిడెంటు అడుగుతున్నాడట. రాసింది హోసూరు పేరు. మునివెంకటప్ప ఆ రోజు షిఫ్టు అయిన వెంటనే ఇంటికి పరుగెత్తి, పేరు చెరిపి, సన్న కుంచెతో, తమిళనాడు సర్కారు బండ్ల మీద ఉన్నట్టే తమిళ అక్షరాల్లో 'తీయణైప్పు నిలయం, కెలమంగలం' అని, అంటే కెలమంగలం ఫైరు స్టేషనని రాశాడు. ప్రెసిడెంటే అడిగాడన్న మాట పుట్టమ్మ మీద కూడా పనిచేసింది. పక్కింటామెకు వినిపించేటట్టు రెండుసార్లు ఆ మాట చెప్పి, పెట్టెలోనుంచి పట్టుచీర తీసింది.

ఆదివారం ఇద్దరూ బస్సెక్కారు. ఫైరింజనును పుట్టమ్మ పాత చీరలో చుట్టి, పసిబిడ్డను పెట్టుకున్నట్టు మునివెంకటప్ప ఒళ్ళో పెట్టుకున్నాడు. గంగప్ప ఆ రోజు లీవు పెట్టి ఉత్సవం చూడడానికి ముందే పోయి ఉన్నాడు, అందువల్ల ఆ మూట సంగతి అడిగినవాళ్ళు లేరు. ఊరు దగ్గరపడగానే పుట్టమ్మకు ఏదో తేడా తెలిసింది. ఎప్పుడూ ప్రాణం నోట్లోకి వచ్చే ఆ దారిలో బస్సు నీళ్ళ మీద పోయినట్టు పోతోంది.

ఊరి మొదట్లోనే బస్సును ఆపేశారు. ముందర మామిడాకుల తోరణం, అరటి చెట్లు, నాదస్వరం, మైకు, ఊరికి ఊరు రెండు పక్కలా నిలబడి ఉంది. మంత్రి ఎవరో వస్తున్నాడనుకుని మునివెంకటప్ప మూట ఎత్తుకుని దిగాడు. పుట్టమ్మ అక్కడ నిలబడిన మారక్క అనే ముసలామెను అడిగింది.

"ఎవరొస్తా ఉండారమ్మా?"

"మనుషులు కాదు తల్లీ, ఫైరింజను వస్తా ఉండాది. హోసూరు నుంచి మునెంకటప్పంట, ఆయనే తోలుకోని వస్తా ఉండాడంట. మా కొట్టం కాలిపోయిన నాటినుంచి చూస్తా ఉండాము."

పుట్టమ్మ మొగుడి మొహం చూసింది. మునివెంకటప్ప మూట చూసుకున్నాడు. వెనక్కు తిరిగి బస్సెక్కేద్దామని నోరు తెరిచేలోపు జనం మధ్యలోనుంచి గంగప్ప చూసి చెయ్యి ఊపాడు, నాదస్వరం అందుకుంది, జయరామప్ప చేతిలో పూలదండతో ఎదురొచ్చాడు. దండ మెడలో పడింది.

"బండి యాడప్పా?" అని జయరామప్ప దారి పొడుగునా చూశాడు.

"తెచ్చినానప్పా."

"యాడ?"

"ఈడ" అని మునివెంకటప్ప చీర మడతలు విప్పాడు.

నాదస్వరం ఆగిపోయింది. డోలువాడికి మాత్రం విషయం అందక ఇంకొంతసేపు వాయించాడు. జయరామప్ప మొహంలో రంగులు మారాయి. చెన్నరాయప్ప నోట్లో బీడీ అట్లాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం పందిరి లేని కొట్టు వైపు పోయాయి. ఎవడో వెనకనుంచి తిట్టాడు, దానికి ఇంకొకడు తోడయ్యాడు. గంగప్ప జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు. "బొమ్మ కాదన్నావు కదన్నా" అన్నాడు.

అప్పుడు పుట్టమ్మ ముందుకొచ్చింది. ఇంట్లో ఆ డబ్బా లారీలను అంతకాలం తిట్టిన మనిషే, పట్టుచీర కొంగు నడుముకు దోపి ఊరందరి ఎదుట నిలబడింది.

"ఫైరింజను తెస్తామంటిమి, తెచ్చినాము. నిచ్చెన అడిగితిరి, ఉండాది. పేరు అడిగితిరి, రాసినాడు. సైజు ఎంతని ఒక్కరన్నా అడిగితిరా?"

అప్పుడే ఆఫీసరు జీపు వచ్చింది. తోరణం కింద దూరి, టీ కొట్టు ముందు ఒకే ఊపులో చుట్టూ తిరిగి మైకు ముందు ఆగింది. ఆయన దిగి, బండి ఎక్కడని అడిగాడు. అందరి కళ్ళూ పోయిన వైపు చూసి, మునివెంకటప్ప చేతుల్లో ఉన్నది ఆయనే తీసుకుని మైకు పక్కన టేబులు మీద పెట్టించాడు. ముక్కు దాకా వంగి చూశాడు. నిచ్చెన లేపి తిప్పాడు, గంట కొట్టాడు. నీళ్ళు వస్తాయా అని తమిళంలో అడిగాడు.

అడిగినది తన పని గురించి గనక మునివెంకటప్పకు ప్రాణం లేచొచ్చింది. చెంబుతో నీళ్ళు పోసి పంపు కొట్టాడు. గొట్టం దారి తప్పింది. నీళ్ళధార టేబులు దాటి సూటిగా పోయి చెన్నరాయప్ప నోట్లో బీడీని ఆర్పేసింది.

ముందు నవ్వింది మారక్క. తర్వాత ఊరంతా నవ్వింది. తడిసిన బీడీ చేతిలో పట్టుకుని చెన్నరాయప్ప కూడా నవ్వక తప్పలేదు. ఆఫీసరు కళ్ళు తుడుచుకుంటూ పక్కకు తిరిగినవాడు అట్లాగే ఆగిపోయాడు. నవ్వు పోయింది. దారి చూశాడు, తన జీపు తిరిగిన చోటు చూశాడు, నిండి ఉన్న తొట్టి చూశాడు. పోయినసారి వచ్చినప్పుడు ఇక్కడ తన జీపే తిరగలేదని, అదే తాను రిపోర్టులో రాశానని, ఇదంతా ఎప్పుడు జరిగిందని అడిగాడు.

జయరామప్ప మొహంలో మళ్ళీ రంగు మారింది. ఈసారి మంచి రంగే. "ఈ దినం కోసమే సార్" అన్నాడు. "దారి లేదంటిరి, వేసినాము. తొట్టి లేదంటిరి, నింపినాము. బండి ఈడ ఎట్ల నిలబడతాదో మీకు చూపీయల్లని మా మునెంకటప్ప చేత ఇది చేపించినాము. ఇంక మీరు పెద్దది పంపించేదే మిగిలింది."

మునివెంకటప్ప ఆయన వైపు నోరు తెరుచుకుని చూస్తుంటే పుట్టమ్మ మోచేత్తో పొడిచింది. ఆఫీసరు తలుపు మీద పేరు చదివాడు. శాంక్షను కాని స్టేషనుకు మీరే పేరు కూడా పెట్టేశారే అన్నాడు. దారి అయితే ఉంది, నీళ్ళూ ఉన్నాయి, ఇంక వద్దనడానికి నా దగ్గర ఏమీ లేదు, బండి వచ్చేటట్టు నేను చూస్తాను అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. ఆయన అనుకున్నది తనలోనే గాని, ఎదురుగా మైకు ఆన్‌లో ఉంది. ఆ మాట సంత మైదానం చివరిదాకా వినిపించింది. డోలువాడు ఈసారి అందరికంటే ముందు అందుకున్నాడు.

శ్రీరామప్ప మధ్యాహ్నం బస్సు దిగేసరికి బామ్మర్దిని ఊరేగిస్తున్నారు. ప్రదర్శనకే ఇంత సంబరం చేశారనుకుని ఆయన అందరికీ దండాలు పెట్టుకుంటూ వెనకాల నడిచాడు. ఆ సాయంత్రం హైస్కూల్లో మొదటి బహుమతి దేనికి వచ్చిందో చెప్పక్కరలేదు. చెన్నరాయప్ప పందిరిని ఊరివాళ్ళే లోపలికి జరిపి కట్టి ఇచ్చారు.

వానలు వెనకబట్టాక అసలు ఫైరింజను వచ్చింది. ఎర్రగా, పెద్దగా, దారి నిండా వచ్చింది. పుట్టమ్మ చేతనే టెంకాయ కొట్టించారు. మునివెంకటప్పను డ్రైవరు పక్కన కూర్చోబెట్టి ఊరంతా తిప్పారు. తలుపు ఎంత గట్టిగా వేసినా సరిగ్గా పడడం లేదని, ఊడదీసి మళ్ళీ బిగించాలని ఆయన దారి పొడుగునా డ్రైవరుకు చెబుతూనే ఉన్నాడు. మారక్క కొట్టం మళ్ళీ లేచింది, దాని పక్కనుంచి పోతున్నప్పుడు ఆమె బండికి దిష్టి తీసింది.

తర్వాతి వారం జయరామప్ప గంగప్ప చేత హోసూరుకు కబురు పంపాడు. కెలమంగలానికి ఇంక మంచి ఆస్పత్రి ఒకటి కావాలట, అందువల్ల వెంటనే ఒక అంబులెన్సు చేసి తెమ్మన్నాడు. సైజు సంగతి మాత్రం పొరపాటున కూడా ఎవరితోనూ అనొద్దన్నాడు.