వాతావరణం బాగున్న జోన్

తన కూతురు చదువుతున్న బడి మంచిది కాదన్న సంగతి రామలింగేశ్వరరావుకు ఒక ఆదివారం మధ్యాహ్నం, స్నేహితుల ఇంట్లో బిర్యానీ తింటుండగా తెలిసింది. అప్పటికి శరణ్య ఆ బడిలో చేరి ఐదేళ్లు దాటింది. ఐదేళ్లుగా అది మంచి బడేనని ఆయన పొరబడుతూ వచ్చాడు. పిల్ల పొద్దున్నే పరుగెత్తుకుంటూ వెళ్లేది. సాయంత్రం బురద కాళ్లతో, పాటలు పాడుకుంటూ వచ్చేది. తన వయసుకు రెండేళ్లు ముందున్న పుస్తకాలు చదివేది. పిల్లకు పెరుగన్నం ఇష్టమని టీచరుకు కూడా తెలుసు. ఇవన్నీ మంచి బడి లక్షణాలని నమ్మిన అమాయకుడాయన.

ఆ అమాయకత్వాన్ని పోగొట్టిన పుణ్యాత్ముడు కిషన్‌రావు. వరంగల్ నుంచి వచ్చి, న్యూజీలాండ్‌లోని హామిల్టన్‌లో ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటుగా స్థిరపడ్డాడు. ఇళ్లు అమ్మడం ఆయన వృత్తి. తల్లిదండ్రులను భయపెట్టడం దానికి అనుబంధ శాఖ.

"బడి మంచిగుంటే ఏం లాభం అన్నా?" అన్నాడు ముక్క కొరుకుతూ. "ఆరో ఏడు అయినంక ఆడికెల్లి ఏడు, ఎనిమిదికి ఏ ఇంటర్మీడియట్‌కు పోతరు? ఆ ఇంటర్మీడియట్‌కెల్లి ఏ హైస్కూల్‌కు పోతరు? ఆ లైన్ చూస్కున్నవా?"

రామలింగేశ్వరరావు చూసుకోలేదు. పాడి రైతులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలో పదేళ్లుగా పనిచేస్తూ, చుట్టుపక్కల వైకాటో ప్రాంతంలో ఏ ఆవు ఏ గడ్డిమడి నుంచి ఏ గడ్డిమడికి పోతుందో తెర మీద చూపించగల మనిషి, కన్నకూతురు ఏ బడి నుంచి ఏ బడికి పోతుందో చూసుకోలేదు. ఆయన ప్లేటు పక్కన పెట్టేశాడు.

"ఆ హైస్కూల్ల ఎవరు చదువుతరో ఎరికే గదా," అని కిషన్‌రావు గొంతు తగ్గించాడు. తగ్గించిన గొంతుకు మనలో ఉన్న గౌరవం పెంచిన గొంతుకు ఎన్నడూ లేదు. గదిలో ఉన్నవాళ్లంతా కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు. కిషన్‌రావు ఫోను తీసి ఒక అంకె చూపించాడు. ఏ బడి పిల్లలకు ఎంత అదనపు సాయం అవసరమో తెలుసుకోవడానికి ప్రభుత్వం వారు పెట్టుకున్న అంకె అది. ఏ బడి పిల్లలకు ఎంత దూరం జరగాలో తెలుసుకోవడానికి మనవాళ్లు దాన్ని మరింత ప్రయోజనకరంగా వాడుకుంటున్నారు.

మంచి లైను అదే ఊళ్లో రోటోటూనా వైపున ఉన్న విల్లోబ్యాంక్ అనే బడిది. ఇంటర్మీడియట్, హైస్కూలు ఒకే ఆవరణలో ఉంటాయి. బడి చుట్టూ గీసిన జోన్ లోపల ఇల్లున్న పిల్లకు సీటు హక్కు. జోన్ బయట ఉన్నవాళ్లకు లాటరీ. రామలింగేశ్వరరావు ఇల్లు ఊరికి అటు చివర ఉంది. గీత అవతల కూడా కాదు, అసలు పటం అవతల.

నెల తిరక్కుండా సొంత ఇల్లు అద్దెకిచ్చి, విల్లోబ్యాంక్ జోన్‌లో రెండు గదుల యూనిట్ అద్దెకు తీసుకున్నారు. వెనక పెరడు, నిమ్మచెట్టు, శరణ్య ట్రాంపొలిన్ అద్దెదారుల పాలయ్యాయి. భార్య సుభద్రకు ఆసుపత్రి రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. ఇంతకుముందు ఎనిమిది నిమిషాల్లో డ్యూటీకి చేరేది. ఇప్పుడు పొద్దుటి ట్రాఫిక్‌లో నలభై నిమిషాలు. "పిల్ల భవిష్యత్తు కోసం ఆ మాత్రం త్యాగం చెయ్యలేవా?" అన్నాడు రామలింగేశ్వరరావు. ఆయన ఆఫీసు రోటోటూనాకు ఐదు నిమిషాల దూరమే.

శరణ్యకు పాత బడిలో అనాహెరా అనే స్నేహితురాలు ఉండేది, ఈ దేశపు మూలవాసులైన మావోరీల పిల్ల. ఇద్దరూ కపా హాకా ఆటపాటల బృందంలో పక్కపక్కన నిలబడి మావోరీ పాటలు పాడేవారు. తల్లిదండ్రులిద్దరూ ఆలస్యమైన రోజుల్లో అనాహెరా నాయనమ్మ శరణ్యను తన ఇంటికి తీసుకెళ్లి, రొట్టె మీద వెన్న రాసి పెట్టి, వీళ్లు వచ్చేదాకా కనిపెట్టుకుని ఉండేది. శరణ్యకు జ్వరం వచ్చి, సుభద్రకు డ్యూటీ వదలడం కుదరని మూడు రోజులూ ఆ ముసలావిడే తడిగుడ్డ వేసింది. అప్పట్లో రామలింగేశ్వరరావు ఆమె రెండు చేతులూ పట్టుకుని, "మీరు మాకు దేవుడిచ్చిన బంధువు" అని ఇంగ్లీషులో అన్నాడు కూడా. అయితే దేవుడిచ్చిన బంధువుల మనవరాలితో కలిసి హైస్కూలు చదవడం వేరే విషయం. అది వాతావరణానికి సంబంధించినది.

సామాన్లు సర్దుతున్న రోజు శరణ్య వచ్చి నిలబడింది. "డాడీ, అనాహెరా వాళ్లు కూడా ఇన్-జోన్ అవుతారా?"

"జోన్ ఇళ్లను బట్టి ఉంటుంది నాన్నా. మనుషుల్ని బట్టి కాదు."

"దెన్ వై ఆర్ వీ మూవింగ్?"

ఆయన టేపు కోసం వెతుక్కుంటూ పక్కగదిలోకి వెళ్లాడు.

విల్లోబ్యాంక్‌లో మొదటి సంవత్సరం వైభవంగా గడిచింది. శరణ్యకు కొత్త యూనిఫారం వచ్చింది, పాట ఆగింది. ట్యూషన్లు రెండు పెరిగాయి, ఎందుకంటే మంచి బడిలో పిల్లలందరూ ట్యూషన్లకు వెళతారు. బడి మంచిదైతే ట్యూషన్ ఎందుకని సుభద్ర ఒకసారి అడిగింది. చదువు మీద ఆమెకు గౌరవం తక్కువని రామలింగేశ్వరరావుకు ఆ రోజే అర్థమైంది.

ఇక జోన్ లోపలికి వచ్చాక ఆయనకు జోన్ మీద భక్తి పెరిగింది. 'విల్లోబ్యాంక్ జోన్ పరిరక్షణ తెలుగు తల్లిదండ్రుల సంఘం' ఏర్పడింది. అధ్యక్షుడు ఆయనే, కార్యదర్శి కిషన్‌రావు. కమ్యూనిటీ హాల్లో జరిగిన ప్రథమ సర్వసభ్య సమావేశంలో, సమోసాల పంపిణీ అనంతరం, అధ్యక్షులవారు ఇలా ప్రసంగించారు:

"సోదర సోదరీమణులారా! మనం సముద్రాలు దాటి ఈ దేశానికి ఎందుకు వచ్చాం? మన పిల్లలు మంచి వాతావరణంలో పెరగాలని! ఆ వాతావరణంలోకి అందరూ వచ్చేస్తే ఇక అది వాతావరణం ఎలా అవుతుంది? దొంగ చిరునామాలతో, చుట్టాల కరెంటు బిల్లులతో చొరబడేవాళ్ల వల్ల అసలైన స్థానికులమైన మనకు తీరని అన్యాయం జరుగుతోంది!"

అసలైన స్థానికులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అందరిలోకీ పాత స్థానికుడు జోన్‌లోకి వచ్చి పద్నాలుగు నెలలైంది.

సంఘం తన మొదటి కార్యక్రమంగా తారాబాయి మీద బడికి ఫిర్యాదు రాసింది. తారాబాయి ఆదిలాబాద్ నుంచి వచ్చింది. భర్త లేడు. వృద్ధాశ్రమంలో ముసలివాళ్లకు స్నానాలు చేయించే పని. కూతురు వర్షిణి శరణ్య తరగతే. జీతం అంతంత మాత్రంగా ఉన్న మనిషి ఇంత మంచి జోన్‌లో ఉండటం అసాధ్యమని సంఘం ఏకగ్రీవంగా అభిప్రాయపడింది. ఫిర్యాదు కింద పేర్లు లేవు. సభ్యుల వినయం అటువంటిది.

బడి నుంచి ఒక ఉద్యోగిని వచ్చి చూసింది. ఒకరి ఇంటి వెనక కట్టిన ఒంటిగదిలో తల్లీకూతుళ్ల మంచం, పొయ్యి, వర్షిణి పుస్తకాలు కనిపించాయి. నిజంగానే అక్కడే ఉంటున్నారు. ఆమె క్షమాపణ చెప్పి వెళ్లిపోయింది.

ఆ వారంలోనే, శరణ్యను ట్యూషన్ నుంచి తీసుకొస్తున్న రామలింగేశ్వరరావుకు తారాబాయి దారిలో ఎదురైంది. చెయ్యి పట్టుకున్నంత పనిచేసి ఇంటికి పిలిచి, చాయ్ పోసింది.

"ఎవరో నా మీద కంప్లెయింట్ ఇచ్చిన్రంట సార్. పిల్ల రెండు దినాలు బువ్వ తినలే, బడికెల్లి తీసేస్తరేమోనని. మీరు ప్రెసిడెంట్ గదా. మనోళ్లల్ల అసొంటోళ్లు ఎవరో జర కనుక్కోన్రి."

"ఇటువంటి చీడపురుగుల్ని ఊరికే వదలకూడదమ్మా. నేను కనుక్కుంటాను," అని రామలింగేశ్వరరావు గంభీరంగా మాట ఇచ్చాడు. చాయ్ బాగుందని కప్పు ఖాళీ చేశాడు. పక్కన కూర్చున్న శరణ్య తన కప్పు ముట్టుకోలేదు. నాన్న ఆ ఫిర్యాదు టైపు చేసిన లాప్‌టాప్ మీదే ఆ పిల్ల హోంవర్కు చేసుకునేది.

రెండో సంవత్సరం చివర తరగతి ఫొటో వచ్చింది. రామలింగేశ్వరరావు దాన్ని సోఫాలో కూర్చుని చాలాసేపు చూశాడు. ఇరవై ఎనిమిది మందిలో పంతొమ్మిది మంది మనవాళ్లే. మూడు వరుసల్లోనూ నూనె రాసి దువ్విన జుట్టే కనబడింది. ఆయన ఫొటోను బోర్లా పెట్టాడు.

"స్టాండర్డ్స్ పడిపోయాయి సుభద్రా."

"ఏమైంది?"

"మనవాళ్లు ఎక్కువైపోయారు. పిల్లకు ఎక్స్‌పోజర్ ఏముంటుంది? పక్కింటి తెల్లాయన గ్రాహం కూడా ఇల్లు అమ్మి వెళ్లిపోయాడు చూడు. ఊరికే వెళతాడా?"

సుభద్ర బట్టలు మడతపెట్టడం ఆపింది. "మనవాళ్లంటే ఎవరండీ? మనమేనా?"

"నీకన్నీ వెటకారమే."

"వెటకారం కాదు. నాకు తెలీక అడుగుతున్నాను. అప్పుడు వాళ్లు ఎక్కువగా ఉన్నారని వచ్చాం. ఇప్పుడు మనం ఎక్కువగా ఉన్నామని వెళ్లాలి. ఎవరు ఉంటే బాగుంటుందో ఆ చీటీ ఏదో రాసివ్వండి, గోడకి అంటిస్తాను."

ఇటువంటి సంకుచిత ధోరణితో వాదించడం వృథా అని ఆయన శరణ్య గదిలోకి వెళ్లాడు. పిల్ల మంచం మీద పడుకుని పైకప్పు చూస్తోంది. ఫొటో చూపించి, నీ ఫ్రెండ్స్ ఎవరమ్మా అని అడిగాడు. ఫొటోలో తానున్న వరుసలో, తన పక్కనే నిలబడిన పిల్ల పేరు కూడా శరణ్య చెప్పలేకపోయింది.

"రెండేళ్లయింది, పేరు తెలీదా?"

"మళ్లీ మూవ్ అవుతాం కదా డాడీ," అంది మామూలుగా. "వాట్స్ ద పాయింట్?"

రామలింగేశ్వరరావు చలించిపోయాడు. పన్నెండేళ్ల పిల్లకు ఇంత ముందుచూపు ఉన్నందుకు గర్వపడ్డాడు.

మరుసటి శనివారం ఊరికి ఇరవై నిమిషాల దూరంలో, కొత్తగా వేసిన వీధిలో ఒక ఇల్లు చూడటానికి వెళ్లాడు. సుభద్ర కారు దిగనంది. "నేనూ పిల్లా నిమ్మచెట్టున్న ఇంటికి వెళ్లిపోతున్నాం. అద్దెవాళ్లకి నోటీసు ఇచ్చేశాను. మీరు ఏ జోన్‌లో కావాలంటే ఆ జోన్‌లో ఉండండి," అంది ముందు అద్దంలోంచి వీధిని చూస్తూనే. వెనక సీట్లోంచి శరణ్య రెండేళ్ల తర్వాత మొదటిసారి ముందుకు వంగి, "రియల్లీ?" అంది. ఆయన ఆ సంభాషణను తాత్కాలికంగా వాయిదా వేసి ఇంట్లోకి నడిచాడు.

ఇల్లు చూపిస్తున్న తెల్లావిడ చాలా మర్యాదస్తురాలు. వంటిల్లు, గ్యారేజీ, హీట్‌పంపు అన్నీ చూపించి, వరండాలోకి వచ్చాక గొంతు తగ్గించింది.

"ఇక్కడి బడి ఇంకా పాతకాలం బడిలాగే ఉందండీ. రోటోటూనా వైపు నుంచి చాలా కుటుంబాలు ఇటు వచ్చేస్తున్నాయి. అక్కడ బళ్లు, ఏం చెప్పను, కొంచెం మారిపోయాయి కదా."

"నాకు తెలుసు. అందుకే మేమూ వచ్చేస్తున్నాం," అన్నాడు రామలింగేశ్వరరావు, గొంతు తగ్గించి.

ఆవిడ ఆయన వంక ఒక్క క్షణం చూసింది. తర్వాత చిరునవ్వు నవ్వి, ఆయన భుజం మీద తేలిగ్గా చెయ్యి వేసింది. "మీ సంగతి వేరు లెండి."

ఆయనకు ఒళ్లు పులకరించింది. పన్నెండేళ్ల న్యూజీలాండ్ జీవితంలో తనకు అంత గౌరవం ఎవరూ ఇవ్వలేదు. వరండాలో నిలబడే ఆ మాటను అక్షరం పొల్లుపోకుండా సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

గ్రూపులో ఎవరూ నవ్వలేదు. ఎవరికీ కోపం రాలేదు. ఐదు నిమిషాల్లో పదకొండు మంది ఆ వీధి పేరు అడిగారు.