వచ్చారు, కూర్చున్నారు, పోయారు

ఆ ఉదయం కోడలి పథకం చాలా సాదాసీదాది. కాఫీ తాగడం, గది తలుపు వేసుకోవడం, ముక్కలన్నీ కలిపి ప్రాజెక్టు బిల్డ్ చేయడం, భోజనం వేళకు బయటికి రావడం. వీటిలో కాఫీ ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

ప్రాజెక్టు ఒక ఆసుపత్రిది. డాక్టరు కోసం జనం ఎంతసేపు కాచుకు కూర్చోవాలో ముందే లెక్కగట్టి, వంతు రాగానే వాళ్ల ఫోనుకు కబురు పంపాలి. నిజం మనుషులతో ప్రయోగాలు చేస్తే ఊరుకోరు కనుక ఇలాంటి పనులకు సిమ్యులేషన్ లైబ్రరీ అని, ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల మూట ఒకటి ఉంటుంది. అది, లేని ఆసుపత్రిలోకి లేని మనుషుల్ని పంపి, రోజంతా పట్టే వ్యవహారాన్ని కాసేపట్లో నడిపించేస్తుంది. ఆ లైబ్రరీని తెచ్చి ప్రాజెక్టుకు తగిలించి, ఆడించి చూపాలి. మధ్యాహ్నం మేనేజరు దాన్ని ఆసుపత్రివాళ్ల ముందు పెడతాడు. ఆడితే ప్రాజెక్టు మొత్తానికి కోడలే పెద్ద. ఆడకపోతే ఆ పెద్దరికం ఆఫీసులో ఆమె పక్క సీట్లో కూర్చుని, ఏది అడిగినా "చూద్దాం" అనే మహానుభావుడికి దక్కుతుంది. ఆయన కింద పనిచేయడం కన్నా ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చోవడం నయమని కోడలి అభిప్రాయం.

మేనేజరును అందరూ చాటుగా అర్జెంటుగారు అంటారు. ఆయన పొద్దున్నే ఫోన్ చేశాడు.

"అయ్యిందా అమ్మా?"

"అవుతోందండీ."

"అవుతోందంటే అయినట్టా, కానట్టా?"

"లైబ్రరీ కనబడటం లేదంటోంది సార్."

"నిన్న నేనే పంపానుగా!"

"పంపారు. నాకు కనబడుతూనే ఉంది. కంప్యూటరుకే కనబడటం లేదు."

లైబ్రరీ ఏ ఫోల్డరులో ఉందో వేలు పెట్టి చూపినంత పని చేశాక కంప్యూటరు దాన్ని గుర్తుపట్టింది. గుర్తుపట్టి, ఇది పాత వెర్షను, నాకు కొత్తది కావాలంది. కొత్తది తెస్తే అది ఒంటరిగా రాలేదు. పెళ్లికి పిలిచిన చుట్టం పిల్లాజెల్లాతో దిగినట్టు, తనకు కావాల్సిన మరో అరడజను లైబ్రరీలను వెంటేసుకుని వచ్చింది. అందరికీ చోటు చూపించి, సర్దిచెప్పి, చివరికి తప్పులు చూపే ఎర్ర అక్షరాలు లేకుండా బిల్డ్ పూర్తయ్యేసరికి కోడలి కాఫీ గ్లాసు అడుగున ఉన్నది ఎండిపోయింది.

ఇక లేని మనుషులకు పేర్లు పెట్టాలి. ఎదురుగా గోడమీద కుటుంబం ఫొటో ఉంది. పెద్దత్తయ్య, అత్తయ్య, మామయ్య అని చకచకా టైపు చేసింది. మనిషి రాగానే ఏమనాలి? వచ్చారు. తరవాత? కూర్చున్నారు. డాక్టరు లోపలికి పిలిచారు. చూపించుకుని బయటికి నడిస్తే? పోయారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. కోడలి పుట్టింట్లో మనుషులు పోతారు, అత్తింట్లో వెళ్తారు. పెళ్లయిన కొత్తలో ఆమె "ఆఫీసుకు పోతున్నా అత్తయ్యా" అంటే అత్తగారు గుండె పట్టుకుని "వెళ్లొస్తాను అనమ్మా, పొద్దున్నే ఆ మాటేంటి!" అని దిద్దారు. అత్తగారి ముందు నోరు మారింది కానీ వేళ్లు మారలేదు. పైగా పెద్దవాళ్లు కదా అని గౌరవం కూడా జోడించింది. ఆ గౌరవమే కొంప ముంచింది.

ఫోనుకు కబురు పంపే భాగాన్ని కొత్తగా రాయడం దేనికని, తను ఇదివరకు ఇంటికోసం రాసిన ప్రోగ్రాం లోంచి ఎత్తి అతికించింది. నీళ్ల ట్యాంకు నిండగానే బంధువుల గ్రూపులో "మోటారు కట్టేయండి" అని చెప్పే ప్రోగ్రాం అది. దాని పేరు ఇంటిగంట. అది ఇంతవరకూ అబద్ధం చెప్పి ఎరగదు. ఎవరికి పంపాలన్న చోట, తనకూ అర్జెంటుగారికీ కబురు చేర్చే ఆఫీసు నంబరుకు బదులు బంధువుల గ్రూపే ఉండిపోయింది. శుభోదయాల బెడద పడలేక ఆ గ్రూపు నోరు నొక్కేసిన కోడలికి మాత్రం ఏ మోతా వినబడదు. చెవుల్లో పాటలు పెట్టుకుని ప్రోగ్రాం నడిపింది.

హాల్లో అత్తగారి ఫోను టింగుమంది. "పెద్దత్తయ్య వచ్చారు."

అత్తగారు గుమ్మం వైపు చూశారు. పెద్దత్తయ్య అంటే ఆవిడ సొంత అక్క. ఉండేది రెండు వీధుల అవతలే అయినా మాటల్లేక చాలాకాలమైంది. అక్కగారు అరువు తీసుకున్న కుక్కరును తిరిగిచ్చారు, మూత రబ్బరు ఇవ్వలేదు. ఇచ్చానని ఆవిడ, ఇవ్వలేదని ఈవిడ.

"ఎవరూ రాలేదే?" అన్నారు మామగారు పేపరు మీంచి.

"పెద్దత్తయ్య కూర్చున్నారు" అంది ఫోను.

"కింద మెట్లమీద కూర్చుందండీ! పిలిస్తేగానీ పైకి రాదట, మహాతల్లి," అంటూనే అత్తగారు సోఫా మీది బట్టలు తీసి, జుట్టు సవరించుకున్నారు.

"డాక్టరు పెద్దత్తయ్యను లోపలికి పిలిచారు."

అత్తగారి చెయ్యి జుట్టులోనే ఆగిపోయింది.

"పెద్దత్తయ్య పోయారు."

"అక్కా!" అని ఒక్క కేక పెట్టి, ఫోను అక్కడే పడేసి, దొరికిన చెప్పులు తొడుక్కుని అత్తగారు మెట్లు దిగి పరుగెత్తారు. అందులో ఒకటి మామగారిది.

అదే కబురు పెద్దత్తయ్యగారికీ అందింది. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని రెండోసారి చదివారు. తను పోయింది. చెల్లెలి ఇంటినుంచే కబురు. "బతికుండగానే చంపేసిందన్నమాట! అదీ ఒక రబ్బరు కోసం!" అని పళ్లు నూరి, వంటింట్లో చేతికి దొరికిన రబ్బరు పట్టుకుని, దాన్ని చెల్లెలి మొహాన కొట్టి రావాలని బయల్దేరారు. సందు మొదట్లో ఫోను మళ్లీ మోగింది. "అత్తయ్య పోయారు." ఆవిడ కోపం అక్కడికక్కడే నీరుకారిపోయింది. రబ్బరును గుండెకు హత్తుకుని ఏడుస్తూ నడక పెంచారు.

హాల్లో మామగారు ఆ కబురు చదివి తలాడించారు. "నిజమే, ఇప్పుడేగా వెళ్లింది. దీనికి అన్నీ తెలుస్తాయి." ఆ తరవాత మామయ్య వచ్చారు. మామయ్య కూర్చున్నారు. ఆయన కూర్చునే ఉన్నారు. డాక్టరు లోపలికి పిలిచారు. ఆయన పేపరు పక్కన పెట్టేశారు. "మామయ్య పోయారు" అని వచ్చింది. ఆయన ఎక్కడికీ పోలేదు. అప్పుడు అర్థమైంది ఆ మాటకు రెండో అర్థం. మణికట్టు పట్టుకుని నాడి వెతుక్కోవడం మొదలుపెట్టారు. అది ఎక్కడుంటుందో ఎంతకీ గుర్తురాలేదు.

చివరి కబురు ఇలా వచ్చింది. "అందరూ పోయారు. పరీక్ష విజయవంతం."

లోపల కోడలు తన ఫోను వంకే చూస్తోంది. ఒక్క ముక్కా రాలేదు. ఇంతలో భర్త ఆఫీసునుంచి ఫోన్ చేశాడు.

"నాన్న... నాన్న పోయారా?" గొంతు వణుకుతోంది.

సిగ్నల్ బాగాలేదనుకుంది కోడలు. "పోయినట్టున్నారు. నేను చూళ్లేదు."

"చూళ్లేదా? ఇంట్లోనే ఉన్నావుగా!"

"తలుపేసుకుని పనిలో ఉన్నా. ఇప్పుడా ఇవన్నీ అడగడం?"

"మరి... అమ్మ?"

"అత్తయ్య కూడా పోయినట్టే ఉంది. ఇందాక కాస్త గోల వినబడింది, ఇప్పుడు ఇల్లంతా ప్రశాంతం. నిజం చెప్పొద్దూ, హాయిగా ఉంది."

అవతల కుర్చీ పడిన చప్పుడైంది.

"భోజనం వేళకు వచ్చేస్తార్లే," అని ధైర్యం చెప్పి ఆమె పెట్టేసింది. కబురు పంపే భాగమే పనిచేయడం లేదని తేల్చుకుని ప్రోగ్రాంను మరోసారి నడిపింది.

మామగారి చేతిలో ఫోను టింగుమంది. "పెద్దత్తయ్య వచ్చారు."

పోవడం వరకు ఆయన ఓర్చుకున్నారు. పోయినవాళ్లు తిరిగి రావడం మొదలుపెట్టేసరికి ఇక ఓర్చుకోలేక కోడలి తలుపు బాదారు.

"అమ్మాయ్, నన్ను ఒకసారి ముట్టుకుని చూడు."

కోడలు చెవుల్లోంచి పాటలు తీసింది. ఆయన చాచిన ఫోను చూసింది. ముఖం వెలిగిపోయింది. "వచ్చాయి! మామయ్యా, అన్నీ వచ్చాయి! మీరు కూడా పోయారు! చూశారా, అందరూ పోయారు!" అని చప్పట్లు కొట్టింది.

మామగారు ఆమెను ఎగాదిగా చూశారు. "నీకింత సంతోషమని తెలిస్తే ఇంకాస్త ముందే పోయేవాణ్ణి తల్లీ."

అప్పుడు కోడలు ఆ కబుర్లను ప్రోగ్రామరు కళ్లతో కాక మనిషి కళ్లతో చదివింది. కంప్యూటరు దగ్గరికి ఒక్క ఉరుకు ఉరికి, పెద్దత్తయ్య రెండోసారి పోకుండా ఆపేసింది.

అత్తగారు అడ్డసందులోంచి అక్క ఇంటిదాకా పరుగెత్తి, తలుపుకు తాళం చూసి తిరిగొచ్చారు. కింద మెట్లమీద అప్పటికే అక్కాచెల్లెళ్లు ఒకరికొకరు ఎదురుపడ్డారు.

"నువ్వు పోయావన్నారే!"

"నువ్వు పోయావనే కదే నేను వచ్చింది!"

అక్కగారు చెల్లెల్ని రెండు చేతులా తడిమి చూశారు. చెల్లెలు అక్క భుజంమీద తల పెట్టి చిన్నపిల్లలా ఏడ్చారు. ఇన్నాళ్లూ పంతంతో బిగబట్టుకున్నదంతా ఆ ఏడుపులో కరిగిపోయింది. కాసేపటికి ఆఫీసునుంచి కొడుకు బ్యాగుతో సహా పరుగెత్తుకొచ్చి, ఇద్దరమ్మల్నీ, పైన మెట్టుమీద తండ్రినీ చూసి, అక్కడే కూలబడి పెళ్లాం వంక చూశాడు. కోడలు గోడ వంక చూసింది.

కథంతా విన్నాక అత్తగారు కళ్లు తుడుచుకున్నారు. "నేను పెళ్లయిన కొత్తలోనే చెప్పాను, వెళ్లారు అనమని."

"అది సరే అత్తయ్యా," అంది కోడలు సన్నగా. ఆమెకు అప్పుడే ఇంకొకటి తోచింది. అంతా అనుకున్నట్టే జరిగి ఈ కబుర్లు అర్జెంటుగారికి చేరి ఉంటే? ఆయన ఆసుపత్రివాళ్ల ముందు తెర వెలిగించి, మీ డాక్టరు గదిలోకి వచ్చినవాళ్లంతా పోయారు, పరీక్ష విజయవంతం అని చూపించేవాడు. ప్రాజెక్టుతోపాటు కోడలూ పోయేది, ఏ అర్థంలోనైనా.

అత్తగారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ప్రతి మాటా పైకి చదివించుకుని, ఎక్కడ "పోయారు" కనబడినా "తియ్" అన్నారు. "కూర్చున్నారు" దగ్గర "పాపం, నీళ్లేమైనా ఇస్తారా?" అని అడిగారు. కబురు వెళ్లాల్సిన నంబరును మాత్రం కొడుకూ తండ్రీ వంతులవారీగా సరిచూశారు.

భోజనాలయ్యాక అర్జెంటుగారు ఫోన్ చేశాడు. "భలే ఆడిందమ్మా! వాళ్లకి అన్నిటికన్నా ఆ మాటల మర్యాద నచ్చిందట. ఎవరు రాశారని అడిగారు. రేపటినుంచి ప్రాజెక్టు నీదే."

"రాసింది మా అత్తయ్య సార్," అంది కోడలు. అర్జెంటుగారు అదేదో వినయం అనుకున్నాడు.

సాయంత్రందాకా మామగారు పరామర్శకు ఫోన్ చేసినవాళ్లందరికీ "ఉన్నానండీ, ఇంకా ఉన్నాను" అని సమాధానం చెప్పుకున్నారు. వంటింట్లో అత్తగారు అక్క తెచ్చిన రబ్బరును కుక్కరు మూతకు తొడిగి చూశారు. పట్టలేదు. అది ఆ కుక్కరుది కానేకాదు. ఆవిడ నోరు తెరిచి, హాల్లో కాళ్లు చాపుకుని నవ్వుతున్న అక్కను చూసి, మళ్లీ మూసుకున్నారు.

రేపు కూడా ఇద్దరూ ఉంటారుగా, అప్పుడు పోట్లాడుకోవచ్చు.