నాలుగు చీటీల కబురు

మానవజాతి మాట నేర్చిన తర్వాత సాధించిన మహత్తర విజయం, ఆ మాటను సూటిగా చెప్పకుండా ఉండే పద్ధతి కనిపెట్టడం. తూనికల ఆఫీసు పెద్దసారు ఇంటర్నెట్ ఎలా నడుస్తుందో శిక్షణకు వెళ్లి, భోజనాలతో సహా పూర్తిచేసుకుని వచ్చాక, ఆ మూడంతస్తుల భవనంలోనూ ఈ విజయం అమల్లోకి వచ్చింది. ఇకమీదట ఏ కబురైనా ముక్కలు చేసి, చీటీకొక ముక్క రాసి, ఒక్కో చీటీని ఒక్కో దారిన పంపాలి. దారిలో పోయినదాన్ని మళ్లీ పంపాలి. అన్నీ చేరాక, అందుకున్నవాడు వరసలో పేర్చి చదువుకోవాలి. (కంప్యూటర్లు ఇదంతా రెప్పపాటులో చేసేస్తాయి. వాటికి టీ విరామం లేదన్న సంగతి శిక్షణలో చెప్పలేదు.)

ఇవేవీ తెలియని ఒకావిడ ఒకనాటి ఉదయం ఆయాసపడుతూ ఆ ఆఫీసు గేటు ముందుకు వచ్చింది. రికార్డుల గుమస్తాకు అత్తగారు. కూతురికి తొలికాన్పు నొప్పులు మొదలైతే ఆసుపత్రిలో చేర్చింది. "ఆయన వచ్చేదాకా నేను కనను పో" అని కూతురు మంచం మీద మొండికేసింది. అల్లుడికి ఫోన్ చేద్దామంటే అది ఆఫీసు బీరువాలో ఉంది. (కొత్త పద్ధతికి పోటీ ఉండకూడదని అందరి ఫోన్లూ అక్కడే పెట్టించారు.)

"మా అల్లుణ్ణి ఓసారి పిలు నాయనా" అంది కాపలా అతనితో.

"వినడానికి నేను సిద్ధమేనా అని ముందు అడగండి పిన్నిగారూ."

"ఎదురుగానే నిలబడ్డావుగా!"

"అయినా అడగాలండి."

"సరే, సిద్ధమేనా?"

"సిద్ధమే. మరి మీరు సిద్ధమేనా?"

"నేను కాదయ్యా, అక్కడ మా పిల్ల సిద్ధంగా ఉంది!"

దాన్నే అంగీకారంగా స్వీకరించి అతను కాగితం చింపాడు. 'మీ భార్యకు', 'నొప్పులు మొదలయ్యాయి', 'ఆసుపత్రికి', 'వెంటనే రండి'. నాలుగు చీటీలు. ప్రతిదాని నెత్తిన ఎవరి నుంచి, ఎవరికి, ఎన్నోది అని రాసి, చివర్లో ఆయుష్షు అని ఒక అంకె వేశాడు. చెయ్యి మారినప్పుడల్లా ఆయుష్షులో ఒకటి కొట్టెయ్యాలి. సున్నా అయిందంటే చించి బుట్టలో వెయ్యాలి.

"కాగితాలు ఊరికే తిరుగుతూ ఉండకూడదు కదండీ" అన్నాడు. (ఆ ఆఫీసు పుట్టినప్పటి నుంచీ కాగితాలు చేస్తున్న పని అదొక్కటే.) నాలుగోది మరీ ముఖ్యమైనదని దగ్గరి దారిలో వేశాడు.

అల్లుడు కూర్చునే కిటికీ గేటుకు సరిగ్గా పైనే ఉంది. కింద నుంచి చూస్తే ఆవిడకు అతని బట్టతల కూడా కనిపిస్తోంది.

"ఓ కేక వేస్తానుండు."

"అమ్మో, వద్దండీ! కేక వేస్తే అందరికీ వెళ్తుంది. అందరూ పలుకుతారు. వ్యవస్థ కుప్పకూలిపోద్ది."

లోపల రెండో చీటీ, ఎదురెదురు బల్లల దగ్గర కూర్చునే బావా బావమరుదుల చేతిలో పడింది. దారి బాగా తెలిసినవాడికి అందించాలని నియమం.

"మీరుండగా నేనా బావగారూ? మీకు తెలిసినంత నాకెక్కడ తెలుసు!"

"భలేవారే బావా, మీకు తెలియని దారా!"

మర్యాదకు మర్యాద తగ్గలేదు. అటూ ఇటూ చేతులు మారి చీటీ ఆయుష్షు తీరిపోయింది. ఇద్దరూ చెరో సగం చించి, ఒకరి బుట్టలో ఒకరు గౌరవంగా వేసుకున్నారు.

పైన అల్లుడికి ముందు 'ఆసుపత్రికి' అందింది, తర్వాత 'మీ భార్యకు'. కుర్చీలోంచి లేవబోయాడు. కానీ సగం కబురు మీద కదలడం నిషేధం. అతను ఉద్యోగానికి కొత్త, నియమానికి భయం. 'రెండోది, నాలుగోది అందలేదు, మళ్లీ పంపండి' అని రాసి, ఆ మాటనూ ముక్కలు చేసి పంపాడు.

ఆ ముక్కల్లో ఒకటి గేటుకు చేరింది. 'పంపండి' అని ఉంది.

"ఏం పంపాలయ్యా?"

"మిగతా ముక్కలొస్తే తెలుస్తుందండి."

ఆవిడ కొంగు బిగించి, ఊపిరి పీల్చి, కిటికీ వైపు తలెత్తింది. "అల్లుడుగారూ! పిల్లకు నొప్పులొస్తున్నాయి, పరిగెత్తుకు రండి!"

భవనంలోని కిటికీలన్నీ తెరుచుకున్నాయి. ఎవరికో ఒకరికి అల్లుడు కానివాడు ఆ ఆఫీసులో తక్కువ. మెట్ల మీద తొక్కిసలాట. పెద్దసారైతే ఒంటి బూటుతో అందరికన్నా ముందు దిగాడు. (ఆయన పిల్లలు కాలేజీలో ఉన్నారు.) ఆ గుంపులోంచి తన అల్లుణ్ణి చొక్కా పట్టుకుని లాగి, ఆవిడ ఆసుపత్రికి నడిపించింది.

పాప ఒక్క దారిన, ఒక్కసారే, ముక్కలు కాకుండా చేరింది. చేరినట్టు వార్డంతా వినబడేలా తెలియజేసింది.

ఆ పాప గోడ పట్టుకుని నడుస్తున్న రోజుల్లో, అల్లుడు సెలవు మీద ఉండగా, ఆఫీసు బంట్రోతు ఇంటికొచ్చాడు. అత్తగారే తలుపు తీసింది. అతని చేతిలో నలిగిన చీటీ. 'వెంటనే రండి'.

"అందినట్టు సంతకం పెట్టండి పిన్నిగారూ. లేకపోతే మళ్లీ పంపాలి."

ఆవిడ చీటీని పాప నోట్లోకి వెళ్లకుండా ఎత్తి పట్టుకుని, సంతకం పెట్టింది.

"ఇన్నాళ్లూ ఎక్కడుందయ్యా ఇది?"

"ఇది దగ్గరి దారిలో వచ్చిందండీ. దూరపు దారిలో మళ్లీ పంపిన రెండోది ఇంకా రావాలి."