కోళ్ళ షెడ్డు బ్యాండు

ఆ ఉదయం ఎస్తేర్ పెద్ద కోరికేమీ కోరుకోలేదు. భర్త ప్రేమ్‌చంద్ ఒక్కపూట ఇంటిపట్టున ఉంటే, చంటిదాన్ని అతని ఒళ్ళో పెట్టి, నాలుగు మాటలు చెప్పుకుంటూ అన్నం తినాలనుకుంది. అతనేమో చాయ్ గుటక వేసి, గిటారు భుజానికేసుకుని ఆలూరు వెళ్ళిపోయాడు.

అక్కడి మూతపడ్డ కోళ్ళ షెడ్డే వాళ్ళ బ్యాండుకు చోటూ, పేరూ. ఫోనులో విన్న ఇంగ్లీషు రాక్, చర్చిలో నేర్చిన గిటారు, స్నేహితుడు నాగేందర్ డప్పు కలిపి, ఫారంహౌసులకు అమ్ముడుపోయిన చేన్ల మీద పాటలు కట్టేవాళ్ళు. వాటిని వినేది కూడా వాళ్ళే.

మొయినాబాద్‌లోని వాళ్ళ కిరాయి గదికి వచ్చిపోయే మనిషి పక్కింటి విమలమ్మ ఒక్కతే. మధ్యాహ్నం ఆమె బిడ్డను ఎత్తుకోగానే ఎస్తేర్‌కు ఏడుపు ఆగలేదు.

"ఆయన ఇంటికే వస్తలేడు అత్తమ్మా. జర ప్రార్థనల పెట్టు."

విమలమ్మ ఆ మనవిని చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టింది. అందినదాన్ని అందినట్టే పంపితే భక్తి చాలదనుకున్నారో ఏమో, తలా కాస్త కన్నీరు కలిపి ఊరూరి గ్రూపులకు పంపారు. ఇంటికి రావడం లేదన్న మనిషి షాబాద్ దాటేసరికి కనబడకుండా పోయాడు. శంకర్‌పల్లి చుట్టి వచ్చేసరికి అతన్ని షెడ్డులో ఎవరో బంధించారు. తాను పంపిన కబురే తిరిగొస్తే విమలమ్మ కూడా గుండెలు బాదుకుంది. సాయంత్రానికి సంఘపెద్ద స్వామిదాసు రెండు ఆటోల నిండా ఆడవాళ్ళను, కంజీరలను ఎక్కించుకుని ఆలూరు బయల్దేరాడు.

తలుపు తోసి చూస్తే, మసక వెలుతురులో జుట్లు విరబోసుకుని ఊగిపోతున్న మగపిల్లలు. ఇది దయ్యం పనేనని ఆడవాళ్ళు గొంతెత్తి పాట అందుకున్నారు. పిల్లలు బెదిరినా వాయించడం ఆపలేదు, వీళ్ళు పాడటం ఆపలేదు. కాసేపటికి కంజీరలూ డప్పూ ఒక దారిన పడ్డాయి. ఎవరో ఫోనులో తీసి లోకం మీదికి వదిలారు.

"నీ పెండ్లాం కండ్లు కాయలు కాస్తున్నయి, నడువు బిడ్డా" అని విమలమ్మ ప్రేమ్‌చంద్‌ను చెయ్యిపట్టి ఇంటికి తెచ్చింది. ఎస్తేర్ సంబరంగా కంచం పెట్టింది. అతను ముద్ద కలిపేలోపే ఫోను మోగింది.

ఆ వీడియో చూసి కచేరీలకు పిలిచేవాళ్ళతో అది మోగుతూనే ఉంది. బెంగళూరు వాళ్ళయితే, పాటలు ఎట్లున్నా సరే, ఆ అమ్మలు తప్పకుండా రావాలన్నారు. సంఘం సంఘమంతా బస్సెక్కింది. చంటిదానికి దగ్గు. బస్సులో చోటూ లేదు.

ఆదివారం చర్చిలో పాస్టరు గారు, ఎస్తేర్, ఖాళీ చాపలు. ఇంటికి రాగానే బెంగళూరు నుంచి ప్రేమ్‌చంద్ ఫోను.

"నా గురించి ఫికర్ చెయ్యకు ఎస్తేరూ. విమలమ్మ అత్త దగ్గరుండి తినిపిస్తున్నది."

"అత్తమ్మ నన్ను అడిగిందా?"

"ఆమెకు తీరిక ఏడున్నది, ఫొటోలు దిగుతున్నది."

అతను ఫోను పెట్టేశాక ఎస్తేర్‌కు కోపమైతే వచ్చింది. పోట్లాడదామంటే ఇంట్లో మాటలొచ్చిన రెండో మనిషి లేదు.